అత్తయ్య మంచానికి ఖరాదు

ఆదివారం పొద్దున పదిన్నరకు మా ఆయన కోహీర్ నుంచి ఎడ్లబండి మీద ఇనుము తెచ్చాడు. డెబ్బైల చివరి మాట. అది ఖరాదు మిషనట. కాలితో తొక్కితే పెద్ద చక్రం తిరుగుతుంది, చక్రం కట్టెను తిప్పుతుంది, ఉలి ఆనిస్తే కట్టె గుండ్రంగా వస్తుంది. ఆయన పుట్టకముందే ఎవరో తొక్కి తొక్కి వదిలేసిన మిషను. తుప్పు తప్ప లోటేమీ లేదన్నాడు.

అత్తయ్య వాకిట్లోకి వచ్చి చూసింది.

"ఏందిరా గిది? అమ్మినోడు నిన్ను చూసి నవ్వలేదా?"

"నీ మంచానికి కోళ్లు నేనే తిప్పుత అమ్మా."

"ఎందుకు, వడ్లాయన సచ్చిండా?"

వడ్లాయన బతికే ఉన్నాడు, సందు చివరే వడ్రంగం చేస్తున్నాడు. కానీ దఫ్తరులో రోజంతా కాగితాలు ముట్టే మనిషికి ఒక్క వస్తువైనా తన చేత్తో చేయాలని బుద్ధి పుట్టింది. అత్తయ్యకు మోకాళ్లు పోయాయి. చాప మీంచి లేవాలంటే నా చెయ్యి పట్టుకోవాలి. అది ఆమెకు మోకాళ్ల నొప్పికన్నా పెద్ద బాధ. ఎత్తు మంచం ఉంటే తనంతట తాను లేస్తుంది. ఆమెకు కావలసింది అదే. నాకు మరీ కావాలి.

రేషన్ కిరసనాయిలు మిషను తాగగా మిగిలింది స్టవ్వుకు దక్కేది. తుప్పు వదిలింది. ఆ వేసవంతా పొద్దటి అన్నమే రాత్రికీ తిన్నాం.

అంతా అయ్యాక చక్రానికి తోలుపట్టా కావాలన్నాడు. అత్తయ్య పుట్టిల్లు బీదర్ వైపు. పుట్టింటి ఆచారమని తోలును ఆమె గడప దాటనిచ్చేది కాదు. ఆయన నడుం బెల్టు కూడా బయట మేకుకే వేలాడేది. చదువుకున్నవాడు కనుక వాదించలేదు, మంచానికి అల్లే నవారు తెచ్చి బిగించాడు. జారింది. రెండు వరసలు కలిపి కుట్టాడు. ఇంకా బాగా జారింది. చక్రం తిరిగేది, కట్టె తిరిగేది కాదు. ఆయన కాళ్లకు మాత్రం కసరత్తు జరిగింది.

చివరకు అత్తయ్యే తీర్పు చెప్పింది.

"కొట్టంల పెట్టుకో పో. నీ తోలుపట్టా ఆడ కట్టుకో."

"కొట్టంల తోలుంటే ఏం కాదా అమ్మా?"

"మరి ఆడున్న ఎడ్ల ఒంటి మీదున్నది గుడ్డనా రా?"

ఆయన మిషనును కొట్టంలోకి ఈడ్చి తోలుపట్టా బిగించాడు.

కొట్టంలో తొక్కాడు. ఎడ్లు మేత మాని చూశాయి. నాలుగు కోళ్లు వచ్చాయి. ఒకటి లావు, ఒకటి సన్నం, మిగతా రెంటి గురించి చెప్పకపోవడమే మర్యాద. వాటికి పట్టెలు బిగించి నవారు అల్లాడు.

"నాలుగు నాలుగు ఊర్లోళ్ల లెక్కున్నయి" అంటూ అత్తయ్య మంచం మీద కూర్చుంది. మంచం ఊగింది. ఒక కోడు కింద పెంకు ముక్క పెట్టాం. మర్నాడు పొద్దున ఎవరినీ పిలవకుండా లేచి నిలబడింది. నేను చూడనట్టు స్టవ్వుకు గాలి కొట్టుకున్నాను. ఆయన దఫ్తరుకు ఆలస్యంగా పోయాడు.

ఏళ్ల తరబడి ఆ మంచం మీదే పడుకుంది. ఆఖరి రోజు ఊపిరి బరువయ్యాక, మంచం మీద ప్రాణం పోకూడదని పెద్దవాళ్లు ఆమెను ఎత్తి నేల మీద పడుకోబెట్టారు. ఆచారానికి అన్నీ పద్ధతిగా జరగాలి మరి.

"జర ఆగున్రి, మంచం మీదనే ఉండనియ్యున్రి" అన్నాడు ఆయన. ఎవరూ ఆగలేదు.

కొన్నేళ్లకు ఆయన పోయింది పట్నం దవాఖానలో, ఇనుప మంచం మీద. దింపమనడానికి అక్కడ పెద్దవాళ్లెవరూ లేరు. ఇప్పుడు మా ఇళ్లల్లోనూ పోయేవాళ్లను మంచం మీంచి కిందికి దింపడం లేదు.