ఇనుప వంతెన కింద నల్లటి అతుకు

మా వియ్యంకుడు గారు పోయారని ఈ మధ్య కాకినాడ నుంచి ఫోను వచ్చింది. చేసింది మా మనవరాలు. తాతయ్య నిద్రలోనే పోయారని చెప్పి, ఫోను పట్టుకునే ఉండిపోయింది. నేనూ పెట్టెయ్యలేదు.

వియ్యంకుల మధ్య మర్యాద ఎంత ఉంటుందో దూరమూ అంతే ఉంటుంది. మా అమ్మాయి జ్వరంతో పోయాక మా మధ్య ఆ దూరం ఇంకా పెరగవలసింది. అల్లుడిది ఊళ్లు తిరిగే ఉద్యోగం. పిల్ల తమ దగ్గర పెరగాలని వాళ్లు, నా దగ్గర పెరగాలని నేను. అమ్మమ్మ దగ్గరే ఉంటానని పిల్ల అంది. బడికి ఇబ్బంది రాకూడదన్న ఒక్క షరతు మీద వియ్యంకుడు గారు ఒప్పుకున్నారు.

పాలకొల్లుకు కొంత దూరంలో మా ఊరు. బడి కాలువకు అవతల ఉంది. మధ్యన సన్నటి ఇనుప వంతెన. దాని కింది దూలానికి పగులు వచ్చింది. రెండుసార్లు వెల్డింగ్ చేయించారు. రెండుసార్లూ అతుకు పక్కనే మళ్లీ పగిలింది. వంతెన మూసేస్తామని పంచాయతీ వాళ్లు చెప్పారు. చుట్టూ తిరిగి వెళ్లే దారిలో బస్సు లేదు. మూస్తే పిల్ల కాకినాడ వెళ్లవలసిందే. ఉన్న సంగతి దాచడం నాకు చేతకాదు. ఫోను చేసి ఆయనకు చెప్పాను, పిల్ల బట్టలు పెట్టెలో సర్ది ఉంచాను.

ఆయన వచ్చారు. చంకలో చుట్టగా చుట్టిన నల్లటి బట్ట, చేతిలో రెండు డబ్బాలు. గుమ్మంలో పెట్టె చూశారు.

"పెట్టె విప్పెయ్యండి చెల్లెమ్మగారూ. ముందు ఆ దూలం సంగతి చూద్దాం."

ఆయన కాకినాడలో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. వెల్డింగ్ నిప్పురవ్వ పడకూడని చోట పగిలిన ఇనుముకు అక్కడ ఇలాంటి నల్లటి కార్బన్ బట్టను జిగురుతో అతికించేవారట. పంచాయతీ వాళ్లనూ, వాళ్ల ఇంజనీరునూ ఒప్పించింది ఆయనే. వేసవిలో కాలువ కట్టేసి నీళ్లు ఇంకిపోయాక, ఎండిన అడుగున నిచ్చెన వేసుకుని పని మొదలుపెట్టారు. ఎర్రరంగు పూసి తుడిచి, తెల్లపొడి చల్లితే, వెంట్రుకంత పగులు ఎర్రగీతలా పైకి తేలింది. అది ఇంకా పాకకుండా దాని కొసన చిన్న రంధ్రం వేశారు. జిగురు బాగా పట్టేలా ఇనుమును మేస్త్రీ చేత తళతళలాడేదాకా రుద్దించారు.

ఆయన మజ్జిగ తాగడానికి మా ఇంటికి వచ్చి వెళ్లేసరికి మేస్త్రీ ఆ మెరిసే ఇనుముకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు చల్లాడు. మంచి పని మొదలుపెట్టేటప్పుడు మా వైపు ఎవరైనా చేసేది అదే. ఆయన చూసి కోప్పడలేదు.

"అమ్మవారు ఏమీ అనుకోదు కానీ, జిగురు ఊరుకోదయ్యా. బొట్టు ఆఖర్న పెట్టుకుందాం" అని ఉప్పుకాగితం తీసుకుని మళ్లీ మొదటినుంచి తనే రుద్దారు. గాలిలో తేమ పెరిగేలోగా అతికించాలి. మబ్బు వైపు చూసుకుంటూ, ఇనుము తుప్పు పట్టకుండా ముందు గాజునూలు బట్ట, దానిమీద నల్లబట్ట పొరలు పొరలుగా వేసి, లైట్లు పెట్టి వెచ్చబెట్టారు. అంతా గట్టిపడ్డాక మేస్త్రీని పిలిచి బొట్టు పెట్టించారు.

ఎన్నాళ్లు ఆగుతుందని అడిగాను. నాకు ప్రతిదీ కచ్చితంగా తెలియాలి.

"అది చెప్పలేనండి. అతుకు పగులును మాన్పదు. దూలం మోసే బరువులో కొంత తను మోస్తుంది, అంతే. పెద్ద బరువు ఒక్కసారి మోసి కాదండీ, రోజూ మోసే చిన్న బరువులతోనే ఇనుము అలిసిపోతుంది. చూసుకుంటూ ఉండాలి."

ట్రాక్టర్లు ఎక్కకుండా వంతెనకు రెండు వైపులా ఇనుప స్తంభాలు పాతించారు. ధాన్యం తోలుకునేవాళ్లు నానా మాటలు అన్నారు. ఆయన అవి విని, స్తంభాలకు ఇంకాస్త సిమెంటు పోయించారు.

ఏటా వేసవిలో కాలువ కట్టెయ్యగానే వచ్చేవారు. రూపాయి బిళ్లతో అతుకంతా తట్టి, చెవి దగ్గరగా పెట్టి వినేవారు. గట్టిగా పలికితే పట్టు ఉన్నట్టు, బోలుగా పలికితే విడిపోతున్నట్టు. మనవరాలిని నిచ్చెనెక్కించి వినడం నేర్పారు. తరవాత మా అరుగు మీద కూర్చుని, మనవరాలి మార్కులూ ఎండా గురించి మాట్లాడుకునేవాళ్లం. మా అమ్మాయి మాట మాత్రం ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు. ఒక్కసారి ఆయన ఎత్తారు, గ్లాసు కింద పెడుతూ. "మా కోడలుంటే ఇంత ఎండలో దిగనిచ్చేది కాదండి" అన్నారు. నేను లోపలికి వెళ్లి ఇంకో గ్లాసు మజ్జిగ తెచ్చాను.

పిల్ల ఆ వంతెన మీదుగానే బడి చదువు పూర్తిచేసింది. ఇప్పుడు కాకినాడలో ఉద్యోగం. ఆయన్ను చివరిదాకా కనిపెట్టుకుని ఉన్నది ఆ పిల్లే.

కర్మలు అయ్యాక మనవరాలు నా దగ్గరికి వచ్చింది. కాలువ కట్టేసి ఉంది. ఎవరూ చెప్పకుండానే నిచ్చెన తెప్పించుకుని దిగింది. నేను గట్టు మీద నిలబడ్డాను. బిళ్లతో తడుతూ పోయి, కింది మూల దగ్గర ఆగింది. అక్కడే మళ్లీ మళ్లీ తట్టింది.

"ఇక్కడ బోలుగా ఉంది అమ్మమ్మా."

నా చెవులకు తేడా తెలియలేదు. ఇంజనీరు వచ్చి చూసేదాకా వంతెన మూసెయ్యమని పంచాయతీకి కబురు పంపాను. ఈలోగా ఒకమ్మాయి సైకిలు దిగి, నడిపించుకుంటూ వంతెన దాటసాగింది. మనవరాలు సుద్దతో ఆ మూల చుట్టూ గీత గీసింది. దూలం సన్నగా అదిరింది. ఆ అదురు ఆగాక కూడా మనవరాలి అరచెయ్యి ఆ నల్లటి అతుకు మీదే ఉంది.