బుడే మైకూ, ఎంగిలి తగువూ

మా ఊళ్లో పరుపు మీద పడుకునే స్థోమత ఉన్న ప్రతివాడూ బుడే ఏకిన దూది మీదే పడుకున్నాడు. దూదేకులవాళ్ల బుడే. నిలువెత్తు విల్లు భుజాన వేసుకుని దర్శి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేవాడు. వాకిట్లో కూర్చుని విల్లు మోగించడం మొదలుపెడితే, ఆ చప్పుడులో ఇతనికేం వినపడుతుందిలే అని ఇంట్లోవాళ్లు ధైర్యంగా పోట్లాడుకునేవాళ్లు. బుడేకి అన్నీ వినపడేవి. విన్నదేదీ గడప దాటనిచ్చేవాడు కాదు. అందుకే తల నెరిసేదాకా ఒక్క శత్రువు కూడా లేకుండా బతికాడు.

తర్వాత గుంటూరులో దూదేకే మిషన్లు వచ్చాయి. బుడే రోజల్లా కొట్టే దూదిని అతను ఒక బీడీ కాల్చుకునేలోపు ఆ మిషను ఏకి పారేస్తోందని ఎవరో చెబితే, సంగతేమిటో చూసొద్దామని బస్సెక్కాడు. మిషన్ని తిట్టుకుంటూ వస్తాడనుకున్నాం. ముచ్చటపడిపోయి వచ్చాడు. ‘మనిషన్నవాడు దాంతో పోటీ పడకూడదు, దండం పెట్టి పక్కకి తప్పుకోవాలి’ అన్నాడు. అలా తప్పుకున్నవాడు బ్రాడీపేటలో మైకుసెట్లు అద్దెకిచ్చే ఒకాయన దగ్గర చేరి, పని నేర్చుకుని, ఓ పాత సెట్టు కొనుక్కుని ఎడ్లబండిలో ఊరికి తెచ్చాడు. రెండు బూరలు, కారు బ్యాటరీ, గ్రామఫోను, కొన్ని ప్లేట్లు, మాట్లాడటానికి ఒకే ఒక్క మైకు. ఆ మాట్లాడే ముక్క గుండ్రంగా, బూడిదరంగులో ఉండటాన మా ఊరు దానికి వెలక్కాయ అని పేరు పెట్టింది. ఇవన్నీ దేంతో కొన్నావని బుడేని ఎవరూ అడగలేదు. అతని భార్య జైతున్‌బీ చెవులు బోసిగా ఉండటం చూసి ఊరుకున్నాం.

మొదటిసారి బూరలు వేపచెట్టుకి కట్టి, హలో హలో అని పరీక్ష చేసి, ఆపడం ఎలాగో మర్చిపోయాడు. అప్పుడే జైతున్‌బీ వచ్చింది. స్నానాలగదిలో బల్లి ఉందని నిన్నటినుంచి నీళ్లు పోసుకోలేదు, ఇంత మనిషివి నీకు బల్లంటే భయమేమిటయ్యా అని ఆవిడ మెల్లగా మందలించిన మందలింపు చెరువుకట్ట మీద గేదెలు కాసేవాళ్లకి కూడా స్పష్టంగా వినపడింది. ఏడాదిపాటు పిల్లలు బుడే కనిపిస్తే నాలుక టక్ టక్ మనిపించేవాళ్లు. అతనూ నవ్వేవాడు. సెట్టు బాగా పనిచేస్తోందని అందరికీ తెలిసింది గదా అనేవాడు.

తెలియడం తెలియడంతోనే గిరాకీ వచ్చింది. పెళ్లిళ్లు, నాటకాలు, ఎన్నికల మీటింగులు, చివరికి గేదె తప్పిపోయినా బుడేకే కబురు. అతనికో పద్ధతుండేది. గుంటూరు ఆయన నేర్పాడట: మైకులో మనిషి పేరు వస్తే వెనకాల ‘గారు’ వచ్చి తీరాలి, అది యంత్రానికి మర్యాద. బుడే దాన్ని వేదంగా పట్టుకున్నాడు. తప్పిపోయిన గేదె తాలూకు ముసలమ్మ కూడా, ఎవరూ పుట్టాక పలకని పూర్తి పేరుతో, గారు తగిలించుకుని ఊరంతా మోగింది. అప్పటిదాకా ఆవిడ ‘ఒసే పోలీ’.

ఒక ఏడు మిరప కోతల రోజుల్లో యేసుపాదం వచ్చాడు. వాగు దాటాక పడమటి వైపు, ఊరు ముట్టుకోనివాళ్లుండే పల్లెలో ఉంటాడు. పెద్ద రైతు, పంచాయతీ ప్రెసిడెంటు అయిన అంకమ్మరావు మిరపతోటలో ఎన్నో ఏళ్లుగా పని. పెద్ద కూతురు రెబ్కాకి పెళ్లి కుదిరింది. తమలపాకులూ వక్కా పట్టుకుని వాకిట్లో దూరంగా నిలబడ్డాడు. లోపలికి రమ్మని జైతున్‌బీ పీట వేసింది.

పాటలు లేకపోయినా ఫరవాలేదన్నాడు. కావలసింది వేరే ఉంది.

“నా పేరు దాంట్లోంచి రావాల సాయిబూ. ఒరేయ్ ఏసుగా అని ఈ గట్టు మీంచి ఆ గట్టుకి ఎవరైనా కేకేస్తారు. పూర్తి పేరు మా పాస్టరుగారు బాప్తిస్మం నాడు పిలిచాడు, అంతే. నా బిడ్డ పెళ్లినాడన్నా ఒక్కసారి వినాలనుంది. నేను కూడా రెండు ముక్కలు మాట్టాడతా.”

దానికేం భాగ్యమన్నాడు బుడే. యేసుపాదం కొంచెం నసిగి, అంటరానితనం నేరమని చట్టం వచ్చిందంట గదా అన్నాడు. వచ్చిందయ్యా, ఇంకా దర్శిలో దిగి మన ఊరి బస్సుకోసం చూస్తోంది అన్నాడు బుడే. ఇద్దరూ నవ్వుకున్నారు. బుడే తాంబూలం పుచ్చుకున్నాడు. మా వైపు తాంబూలం పుచ్చుకున్నాక మాట వెనక్కి పోదు.

ఊళ్లోకి మాత్రం వెళ్లింది. మర్నాడు పొద్దున్నే అంకమ్మరావు అరుగు మీదికి పిలుపొచ్చింది. అంకమ్మరావు చెడ్డవాడు కాడు. పాలేరుకి జ్వరమొస్తే తన సొంత బండి కట్టించి ఆస్పత్రికి పంపేవాడు, ఆ బండిలో తను మాత్రం ఎక్కేవాడు కాదు. పక్కన తగువులు తీర్చే పెద్దమనిషి బుల్లయ్య, ఇంకో నలుగురూ కూర్చున్నారు. అంకమ్మరావు కూతురి పెళ్లి ఆ నెలాఖరునే. దానికీ బుడే మైకే మాట్లాడి ఉంది. పల్లెకి వెళ్లొచ్చిన మైకు పెళ్లిపందిట్లోకి రావచ్చునా అన్నది ప్రశ్న.

ఇంత సూక్ష్మమైన చర్చ ఆ అరుగు ఎప్పుడూ ఎరగదు. బూరలు చెట్టు మీద ఉంటాయి, గాలికి మైలేమిటి అన్నాడు బుల్లయ్య. తీగలో పోయేది కరెంటు, అది నిప్పులాంటిది, నిప్పుకి దోషం లేదు. ప్లేట్లలో పాటలు ఎప్పుడో ఎవరో పాడేసినవి, ఆ పాపం వాళ్లదే. బ్యాటరీలో నీళ్లు పోస్తారు గదా, ఎవరు పోస్తున్నార్రా అని ఒకాయన అడిగాడు. నేనేనండి అన్నాడు బుడే. ఆ బ్యాటరీతోనే ఊళ్లో పెళ్లిళ్లన్నీ అయిపోయి ఉన్నాయి కనక, ఆ విషయం మీద చర్చ అక్కడితో ఆగిపోయింది.

చివరికి వెలక్కాయ దగ్గరికొచ్చారు. అది నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడేది. మాట్లాడితే తుంపర్లు పడతాయి. తుంపర్లు పడితే ఎంగిలి. ఒకడి ఎంగిలి గ్లాసు ఇంకొకడు తాగుతాడా?

“బూరలు తీసుకుపో, ప్లేట్లు తీసుకుపో, పొద్దస్తమానం పాటలెయ్యి, నేనేమీ అనను” అన్నాడు అంకమ్మరావు. “ఆ కాయ మాత్రం వాగు దాటకూడదు. దాటిందా, మా ఇంటికే కాదు, ఊళ్లో ఏ ఇంటి పెళ్లికీ నీ మైకు రాదు. నీ ఇష్టం రా బుడే.”

ఊళ్లో పెళ్లిళ్లు పోతే బుడేకి మిగిలేది గేదెలే. అవి తప్పిపోవడం మనిషి చేతిలో ఉండదు.

అతనిది ఎవర్నీ నొప్పించలేని తత్వం. రెండు వైపులా బాగుండే ఉపాయం కోసం ఆలోచించి ఆలోచించి గుంటూరు వెళ్లాడు. పాత సామాను దుకాణంలో సొట్టపడిన ఇంకో మైకు దొరికింది. కాస్త గరగరమంటుంది గానీ పలుకుతుంది. దీన్ని పల్లెకి వాడితే ఎవరి వెలక్కాయ వాళ్లది! ఇంత తేలికైన సంగతి అరుగు మీద ఎవరికీ తట్టలేదేమా అని దారంతా మురిసిపోయాడు. జైతున్‌బీకి చూపిస్తే ఏమీ మాట్లాడకుండా అన్నం పెట్టింది. బాగా నచ్చిందనుకున్నాడు. ఆ పూటే సంచిలో వేసుకుని యేసుపాదం ఇంటికెళ్లి, పెళ్లికూతురికి నగ చూపించినట్టు చూపించాడు.

యేసుపాదం దాన్ని చేత్తో తడిమి, కింద పెట్టాడు.

“బస్సు దగ్గర టీ హోటల్లో, చూరులో దోపిన గ్లాసులు ఎవరివి సాయిబూ?”

“మీయే” అన్నాడు బుడే.

“ఇదీ అట్టాంటిదేగా. అది హోటలు చూరులో ఉంటది, ఇది నీ సంచిలో ఉంటది.”

రెబ్కా గుమ్మంలో నిలబడి ఉంది. ఆ అమ్మాయే సర్దిచెప్పింది. “నీ పొట్ట మీద కొట్టుకోవద్దు బాబాయ్. మైకు లేకుండా చేసుకుంటాం. నాన్న గొంతు చిన్నదేం కాదు.”

బుడే పెద్దవీధిన రాకుండా, మిరపకాయలు ఎండబోసిన కళ్లాల మీదుగా అడ్డదారిన వచ్చాడు. ఇంటికొచ్చేసరికి కళ్లూ ముక్కూ కారిపోతున్నాయి. ఘాటు అన్నాడు. ఘాటు నిజంగానే ఉంది.

జైతున్‌బీ అప్పటిదాకా దాచుకున్న మాట అప్పుడు తీసింది. “ఇన్నేళ్లు వాళ్ల వాకిళ్లలో దూది ఏకావు. దాహమంటే నీళ్లెట్టా ఇచ్చేవాళ్లయ్యా నీకు?”

“దోసిట్లో పోసేవాళ్లు.”

“వంగి దోసిలి పట్టినోడివి. నువ్వు గూడా పోయి వాళ్లకి వేరే కాయ కొనుక్కొచ్చావా?”

బుడే ఆ రోజంతా గ్రామఫోను సూదులు తుడుస్తూ కూర్చున్నాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

పెళ్లిరోజు పొద్దున్నే బండి కట్టి, పట్టపగలు పెద్దవీధిన, అందరూ చూస్తుండగా వాగు దాటించాడు. బూరలు రెండూ చింతచెట్టుకి కట్టాడు. సంచిలోంచి పాత వెలక్కాయే తీశాడు. యేసుపాదం చూసి, తీగ చుట్ట మోసిపెట్టాడు. బుడే గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు: శ్రీ యేసుపాదం గారి జ్యేష్ఠ పుత్రిక, చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి రెబ్కా అని. కిరస్తానీ పెళ్లిలో లక్ష్మి ఎందుకొచ్చిందని పాస్టరుగారు చూశాడు గానీ, పెద్దమనసుతో పోనిచ్చాడు. ఆ పేరు వాగు దాటి, ఊరు దాటి, మిరపతోటల మీదుగా వెళ్లింది. యేసుపాదం నడుం మీద చేతులు పెట్టుకుని అది పోయిన వైపే చూస్తూ నిలబడ్డాడు.

పెళ్లయ్యాక అతని వంతు వచ్చింది. రెండు ముక్కలూ ముందే తయారుచేసుకున్నాడట. మైకు ముందు నిలబడగానే రెండూ పోయాయి. బూరల్లోంచి ఊపిరి మాత్రం వస్తోంది. పెళ్లివారు కదిలారు, పిల్లలు కిసుక్కుమన్నారు. చివరికి ఆడపిల్ల తండ్రి నోటికి నిద్రలోనైనా వచ్చే మాటే వచ్చింది.

“నేను యేసుపాదాన్ని. అందరూ భోజనాలు చేసి పోవాల. ఊళ్లోవాళ్లు కూడా రండి. అంకమ్మరావు గారూ, బుల్లయ్య గారూ, మీరూ రావాల.”

అక్కడ పడింది ఊరు ఇరకాటంలో. పేరుపెట్టి భోజనానికి పిలిస్తే వెళ్లాలి, వెళ్లకపోతే కారణం చెప్పి పంపాలి. ఇది మాకు తాతలనాటి మర్యాద. పల్లెవాళ్లు పిలవడానికొస్తే పెద్దలు ఇంట్లో ఉండేవాళ్లు కాదు, ఉన్నా నిద్రపోతుండేవాళ్లు. ఆకూవక్కా గడప అవతల పెట్టి వాళ్లు వెళ్లిపోయేవాళ్లు, ఎవరి మర్యాదకీ భంగం ఉండేది కాదు. ఆ రోజు మాత్రం ఇంట్లో లేకపోవడానికి ఎవరికీ వీల్లేకపోయింది.

“మిమ్మల్నే పిలుస్తున్నారు” అంది సుబ్బరావమ్మ, అంకమ్మరావు భార్య.

“నాకేం వినపడలేదు.”

“గొడ్లచావిట్లో ఎద్దులు తలెత్తి చూస్తున్నాయి మరి.”

బుల్లయ్య చింతచెట్టు నీడదాకా వెళ్లి, కడుపులో బాగాలేదని చెప్పి, వక్కముక్క మాత్రం నోట్లో వేసుకుని వచ్చాడు. జైతున్‌బీ పంక్తిలో కూర్చుని తృప్తిగా తింది. అంకమ్మరావు తనకి జ్వరమని కబురు పంపాడు. రానందుకు కారణం చెబుతూ ఊళ్లోంచి పల్లెకి కబురు వెళ్లడం అదే మొదటిసారి. యేసుపాదం ఆ జ్వరాన్ని ఎంత మన్ననగా స్వీకరించాడంటే, సాయంత్రం వెళ్లి పరామర్శించి వస్తానని కండువా వేసుకున్నాడు. రెబ్కా ఆపింది.

అన్నంత పనీ అయింది. ఊళ్లో పెళ్లిళ్లవాళ్లు వరసగా వచ్చి, ఇప్పుడేం వద్దులే బుడే అని చెప్పి పోయారు. చుట్టుపక్కల ఊళ్ల పల్లెలవాళ్లు పిలిచేవాళ్లు గానీ, వాళ్లిచ్చేది ఎక్కువగా జొన్నలూ కందులే. సైకిలు వెనక బూరలు కట్టుకుని ఎండలో తిరిగి బుడే నల్లబడ్డాడు. జైతున్‌బీ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లింది. చేతులు మండుతుంటే రాత్రుళ్లు మజ్జిగలో ముంచుకునేది.

కూతురి పెళ్లికి అంకమ్మరావు గుంటూరు నుంచి సెట్టు తెప్పిద్దామనుకున్నాడు. మంచిదే, ఆ కాయలో ఇంతకుముందు ఎవరెవరు మాట్లాడారో కనుక్కున్నారా అంది సుబ్బరావమ్మ. ఆయన ఆలోచించినకొద్దీ గుంటూరు చాలా పెద్ద ఊరుగా కనిపించింది. చివరికి మైకే వద్దన్నాడు. పొన్నూరు నుంచి వచ్చిన మగపెళ్లివారికి, మేళం హోరులో, తనే అరిచి స్వాగతాలు చెప్పాడు, అరిచి విడిది చూపించాడు, అరిచి వడ్డన చేయించాడు. అప్పగింతల వేళకి గొంతు పూర్తిగా పోయింది. ఏడవడానికి కూడా చప్పుడు రాలేదు.

ఆ వారంలోనే కరెంటు ఆఫీసరు వస్తున్నాడని కబురు. లైను మా ఊరికి వేయాలా, పక్క ఊరికి వేయాలా అనేది తేల్చే మీటింగు. ఊరి తరఫున ప్రెసిడెంటే అడగాలి. ప్రెసిడెంటుకా గొంతు లేదు. గుంటూరు నుంచి సెట్టు తెప్పించే వ్యవధి లేదు. బుల్లయ్యే స్వయంగా బుడే ఇంటికెళ్లి, ఏవేవో మాట్లాడి, అసలు సంగతి చివర్లో చెప్పాడు. బుడే ఎదురుమాట లేకుండా సైకిలు తీశాడు. నీ దగ్గర రెండు వెలక్కాయలున్నాయట గదా, ఎవరూ మాట్లాడని ఆ సొట్టది తెస్తావా అని దారిలో బుల్లయ్య మెల్లగా అడిగాడట. అది పాడైపోయిందండి అన్నాడు బుడే. అది పాడవలేదు.

స్కూలు ఆవరణలో జనం నిండారు. లైను అనేసరికి పల్లె కూడా తరలివచ్చింది. ఆఫీసరు గడియారం చూసుకుంటున్నాడు. బుడే పెద్దలకు దూరం ఇచ్చి, చెయ్యి చాపి పాత వెలక్కాయనే అంకమ్మరావు నోటికి ఎడంగా పట్టుకున్నాడు. అంకమ్మరావు మెడ ముందుకి సాచి మాట్లాడాడు. పెదాలు కదిలాయి, బూరల్లోంచి ఏమీ రాలేదు. ఇంకోసారి. ఏమీ లేదు. ఆఫీసరు కుర్చీలోంచి లేవబోయాడు.

అంకమ్మరావు ఒకసారి జనం వైపు చూశాడు, ఒకసారి బుడే చేతిలోని దాన్ని చూశాడు.

“ఇంకాస్త దగ్గరగా పెట్టరా బుడే” అన్నాడు, ఈల లాంటి గొంతుతో.

బుడే దగ్గరగా పెట్టాడు.