ఆకుపచ్చ రవిక చేతులు

నేను గుంటూరు హాస్టల్లో ఉండి బి.ఎ. చదివే రోజుల్లో మా క్లాసు అమ్మాయిలు చేతుల్లేని రవికలు తొడగడం మొదలుపెట్టారు. స్లీవ్‌లెస్ అనేవాళ్లు. అరవైల్లో అదే పెద్ద తెగింపు. సెలవులకు పర్చూరు వచ్చీ రాగానే నేనూ తలుపేసుకుని, నా ఆకుపచ్చ రవికకు మోచేతుల దాకా ఉన్న చేతులు రెండూ కత్తిరించేశాను. పౌరోహిత్యం చేసే మా నాన్నకు తెలిస్తే నా చదువు ఆ రోజుతో సరి. రవికను నా సంచిలో కుక్కి, చేతుల్ని వెనక గదిలో ట్రంకు పెట్టె అడుగున దాచాను.

"ఈసారి కాస్త పొట్టి చేతులు కుట్టించుకోనా?" అని అమ్మను కదిపి చూశాను. కాపురానికొచ్చిన కొత్తలో బుట్ట చేతుల రవిక తొడిగి అత్తగారి చేత నానా మాటలూ పడిన మనిషి ఆవిడ.

"మోచెయ్యి కనపడిందంటే కాళ్లు విరగ్గొడతా" అంది.

నాకు ఒళ్లు మండింది. ఆనాటి పౌరుషమంతా ఎటు పోయిందో!

మర్నాడు చూస్తే పెట్టెలో చేతులు లేవు.

ఎవరూ ఏమీ అనలేదు. దాంతో ఇంకా భయమేసింది. నాన్న గొంతు సవరించుకున్నా, ఇక అడిగేస్తాడనే అనుకునేదాన్ని. మూడో రోజు మిట్టమధ్యాహ్నం అమ్మా నాన్నా నిద్రపోతున్నారు. వీధిలో నరమానవుడు లేడు. కల్లాల్లో ఎండుతున్న మిరపకాయల ఘాటు ఇల్లంతా నిండింది. వెనక గదిలోంచి ఎవరో ఆడపిల్ల నవ్వింది. మా ఇంట్లో నేను తప్ప ఆడపిల్ల లేదు.

ఆ గదిలో ఉండేది మామ్మ, నాన్నకు మేనత్త. తొమ్మిదో ఏట మొగుడు పోయాడు. ఆనాటి ఆచారం ప్రకారం తల గొరిగించి, రవిక మాన్పించారు. పదహారో ఏట దొంగతనంగా ఒక రవిక కుట్టుకుని తొడుక్కుంటే, వాళ్ల నాన్న ఒంటి మీదే చింపి పొయ్యిలో పెట్టాడట. ఆ తర్వాత ఆవిడ నవ్వగా ఎవరూ వినలేదని అమ్మ చెప్పేది. అప్పటికి డెబ్బై దాటాయి, చూపు ఆనదు.

నా రవిక చేతులు తీసింది ఈవిడేనని అప్పుడు తట్టింది. నాన్నతో చెప్పొద్దని బతిమాలుకుందామని తలుపు తోశాను.

మామ్మ గోడకేసి తిరిగి నిలబడి ఉంది. తెల్లచీర కొంగు జారి, వీపు బోసిగా కనపడుతోంది. భుజాల నుంచి మోచేతుల దాకా నా ఆకుపచ్చ చేతులు. రవిక లేదు, చేతులు మాత్రమే. జారకుండా దారంతో కట్టుకుంది. వేళ్లతో అంచులు తడుముకుంటూ పదహారేళ్ల గొంతుతో నవ్వుతోంది. వెనక్కి జరగబోతే తలుపు కిర్రుమంది.

ఆ చప్పుడుకు నవ్వు ఆగిపోయింది. గబుక్కున కొంగు లాక్కుని గోడకు అతుక్కుపోయింది.

"ఎవరే? నువ్వేనా అమ్మాయ్?" గొంతు మళ్లీ ముసలిదైపోయింది. "మీ నాన్నతో చెప్పకే తల్లీ."

నేను అడగడానికి వచ్చిందీ ఆ మాటే.