ఖాళీ మడిలో కరెంటు

ఆ రోజుల్లో నా లెక్కన లోకంలో మనుషులు రెండే రకాలు: సైన్సు పత్రికలో పేపర్ అచ్చయినవాళ్లు, ఇంకా కానివాళ్లు. పక్కింటివాళ్లు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు, పెళ్లిలో వడ్డించేవాళ్లు, ఎవరిని చూసినా పాపం వీళ్లు రెండో రకమే కదా అని కొంచెం జాలిపడేదాన్ని. (నేనూ ఆ రెండో రకంలోనే ఉన్నానన్న సంగతి అంతగా గుర్తుండేది కాదు. రేపో మాపో దాటిపోతానని ధీమా.) ఇరవై నాలుగేళ్లుంటాయి నాకు. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ముగించి, హన్మకొండలో ఒక యూనివర్సిటీలో రీసెర్చ్ స్కాలర్‌గా చేరాను. నా టాపిక్ ఏమిటో చెప్తే ఎవరైనా రెండోసారి అడిగేవారు. వరి పొలం బురదలోంచి కరెంటు తీయడం.

నవ్వకండి, అందులో అబద్ధమేమీ లేదు. వరి మొక్క తన వేళ్లగుండా బురదలోకి కొంత ఆహారం వదులుతుంది. దాన్ని తిని బతికే సూక్ష్మజీవుల్లో కొన్ని ఎలక్ట్రాన్లను బయటికి విడుస్తాయి. బురదలో ఒక కార్బన్ గుడ్డ పాతిపెట్టి, పైన నీళ్ల మీద ఇంకోటి తేలేటట్టు పెట్టి, రెంటికీ తీగ కలిపితే సన్నగా, బహు సన్నగా కరెంటు పారుతుంది. ఇంట్లో ఇదే చెప్పాను. మా బాపు కరెంటు సాంచె మీద బట్ట నేసేవాడు. కరెంటు పోతే సాంచె ఆగేది, సాంచె ఆగితే ఆయన ఇంటి ముందు అరుగు మీద కూర్చొని వీధి చివరి కరెంటు స్తంభం వైపు చూస్తుండేవాడు. అలాంటి మనిషి చాయ్ తాగడం ఆపి శ్రద్ధగా విని, "దాంతోని మన సాంచె నడుస్తదా బిడ్డా?" అని అడిగాడు. ఇప్పుడే నడవదు, ముందు చిన్న బల్బు వెలగాలి అన్నాను. చిన్నదంటే ఎంత అన్నాడు. చిటికెన వేలు గోరు చూపించాను. ఆయన ఆ గోరును కాసేపు చూసి, మళ్లీ చాయ్ గ్లాసు అందుకున్నాడు. ఏదైనా అన్నా బాగుండేది. ఆ గోరంత బల్బు వెలిగించి తీరాలని ఆ పూటే పట్టుబట్టాను.

మా గైడ్‌ను స్కాలర్లందరం చాటుగా కంట్రోల్ సార్ అనేవాళ్లం. కోపిష్టి అని కాదు. ఎవరు ఏ ప్రయోగం గురించి చెప్పినా ఆయన అడిగే మొదటి మాట "కంట్రోల్ ఎక్కడుంది?" అన్నదే. అంటే పోల్చి చూసుకోవడానికి, ఏమీ చేయకుండా పక్కన ఉంచిన జత ఎక్కడ అని. (తన కూతురికి కొత్త సబ్బు రాస్తే ఒక చెంపకే రాయమన్నాడని చెప్పుకునేవారు. నమ్మదగిన మాటే.) కాబట్టి నాకు రెండు మళ్లు కావాల్సొచ్చాయి. రెంటిలోనూ బురద ఉండాలి, నీళ్లుండాలి, కార్బన్ గుడ్డలుండాలి. ఒకదాంట్లో వరి ఉండాలి, రెండోది ఖాళీగా ఉండాలి. అప్పుడే కరెంటు వరి వల్ల వస్తోందని తేలుతుంది.

వర్ధన్నపేట దగ్గరి పల్లెలో మా అమ్మకు అక్క, అంటే మా పెద్దమ్మ, ఒక్కతే ఎవుసం చేసుకుంటుండేది. ఆమె దగ్గరికి పోయి, నీ పొలంలో రెండు చిన్న మళ్లు ఇస్తావా అని అడిగాను. ఇంటి పిల్ల అడిగింది, ఇచ్చింది. నాట్లప్పుడు మా ల్యాబ్‌లోని చార్జర్ అన్నను వెంటబెట్టుకొని పోయాను. ఆయన ఎలక్ట్రానిక్స్ స్కాలర్. ఎప్పుడు చూసినా చేతిలో చార్జర్ పట్టుకొని ప్లగ్గు కోసం గోడలు వెతుకుతుండేవాడు గనుక ఆ పేరు. మోకాళ్ల దాకా దిగబడి గుడ్డలు పాతాను. ఒక చెప్పు బురదలో పోయింది, ఎంత దేవినా దొరకలేదు. అన్న ఒక ప్లాస్టిక్ డబ్బాలో రీడింగులు రాసుకునే మిషను, సిమ్ కార్డు బిగించి కట్టెకు కట్టాడు. గంటగంటకూ రీడింగు దానంతటదే ల్యాబ్ కంప్యూటర్‌కు వచ్చిపడుతుంది. పెద్దమ్మకు అన్నీ నచ్చాయి గానీ ఖాళీ మడి మాత్రం నచ్చలేదు. "ఇంత మంచి మడి ఉత్తగ పెడ్తవా బిడ్డా? నాలుగు పిడికిళ్ల నారు మిగిలింది, గుచ్చుతా" అంది. గుచ్చొద్దని ఒట్టు వేయించుకున్నాను. పోతూ పోతూ ఆ ఖాళీ మడినే చూపించి, జర మంచిగా చూస్కో పెద్దమ్మా, దీని మీదనే నా చదువంతా ఉన్నది అని చెప్పాను. నా ఉద్దేశం, దాంట్లోకి ఎవరినీ దిగనీయొద్దని.

ఆ తర్వాత నేను పొలానికి పోలేదు. ఎందుకు పోవాలి? డేటా తానే వస్తుంటే మనిషి బస్సెక్కి పోవడం పాతకాలపు పద్ధతి అని నా అభిప్రాయం. ఫ్యాన్ కింద కూర్చొని కంప్యూటర్‌లో గీత పెరగడం చూసేదాన్ని. వారానికోసారి ఫోన్ చేసి మడి మంచిగున్నదా అని అడిగేదాన్ని. మంచిగున్నది, నువ్వేం ఫికర్ చెయ్యకు అనేది పెద్దమ్మ. మొదటి వారాల్లో అంతా పుస్తకంలో ఉన్నట్టే నడిచింది. వరి మడి గీత మెల్లగా పైకి, ఖాళీ మడి గీత కిందికి. ఆ తర్వాత ఖాళీ మడి గీత ఆగి, తల ఎత్తింది. రోజూ పొద్దున ఒకే సమయానికి చిన్న ఎగురు ఎగిరి, అక్కడినుంచి ఇంకొంచెం పైకి. నెల తిరిగేసరికి వరి మడిని దాటేసింది.

ఎవరైనా బుద్ధిమంతులైతే అనుమానపడేవారు. నేను సంబరపడ్డాను. పొద్దుటి ఎండకు నిద్రలేచే కొత్త సూక్ష్మజీవి ఏదో మా పెద్దమ్మ పొలంలో ఉందని, దాన్ని కనిపెట్టింది నేనేనని తీర్మానించుకున్నాను. (దానికి లాటిన్‌లో ఏం పేరు పెట్టాలో కూడా నోట్‌బుక్ చివరి పేజీలో రాసి చూసుకున్నాను. అన్నింటిలోనూ నా ఇంటిపేరు ఉంది.) రెండు వారాల్లో రివ్యూ కమిటీ కూర్చోబోతోంది. వాళ్లకు నచ్చకపోతే ఫెలోషిప్ ఆగిపోతుంది, నేను ఏదో ఒక బడిలో టీచర్‌గా చేరాల్సిందే. ఇంత పెద్ద సంగతి చేతిలో పెట్టుకొని నాకేం భయం అనుకొని, పేపర్ సగం రాసేసి కంట్రోల్ సార్ ముందు పెట్టాను. ఆయన గ్రాఫ్‌ను దగ్గరగా చూశాడు, దూరంగా పెట్టి చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"గ్రాఫ్ సరే. మడిని చూసి ఎన్ని రోజులైంది?"

వేళ్ల మీద వారాలు లెక్కపెట్టాను, ఒక చెయ్యి చాలలేదు.

మర్నాడు మొదటి బస్సుకే బయల్దేరాను. దిగి గట్టు మీద నడుస్తూ చూద్దును గదా, పెద్దమ్మ ఒక బకెట్ మోసుకొస్తోంది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తవుడు, కూరగాయల తొక్కలు కలిపి బర్రెకు పెట్టే కుడితి. వచ్చింది, ఖాళీ మడి గట్టున నిలబడింది, నా కార్బన్ గుడ్డ పక్కనే ఒడుపుగా, చంటిపిల్లకు నీళ్లు పోసినట్టు, బకెట్ మొత్తం వంచింది.   అప్పుడు నన్ను చూసి, తిన్నవా బిడ్డా అని పలకరించింది.

"పెద్దమ్మా, ఎన్ని రోజుల సంది పోస్తాన్నవ్?"

"నువ్వు పోయినంక పది పదిహేను దినాలకు మొదలువెట్టిన. నువ్వే కదనే జర మంచిగ చూస్కోమన్నవ్. అవతలి మడికి నారున్నది. దీనికేమున్నది? ఉత్త నీళ్ల మీద ఎన్ని దినాలుంటది? బర్రెకు సగం తగ్గించి దీనికి పోస్తాన్న."

గట్టు మీదే కూలబడి ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో నవ్వు కూడా వచ్చింది. పెద్దమ్మకు సంగతంతా చెప్పాను. ఆ మడి ఆకలితో ఉండాలి, అట్లా ఉంటేనే నా లెక్క నిలుస్తుంది అని. ఆమె ఖాళీ బకెట్‌ను గట్టు మీద బోర్లించింది. ముందే చెప్పొద్దా బిడ్డా అంది.  నెలన్నరలో ఒక్కసారి వచ్చి ఉంటే చెప్పేదాన్నే.

ల్యాబ్‌కు తిరిగొచ్చాక చార్జర్ అన్న మంచి ఉద్దేశంతోనే ఒక దారి చూపించాడు. "కుడితి పోసిన దినాలు తీసేయ్. ముందటి వారాలు చాలు, గీత మంచిగనే ఉన్నది. ఎవరికి తెలుస్తది?" అన్నాడు. నిజంగానే ఎవరికీ తెలియదు. రెండు రోజులు ఆ ఫైలు తెరిచి, ఆ వరుసలన్నీ మౌస్‌తో నీలంగా చేసి, డిలీట్ మీద వేలు పెట్టి కూర్చున్నాను. నాకప్పుడు గుర్తొచ్చింది సూక్తులూ కాదు, నీతులూ కాదు. బర్రెకు సగం తగ్గించి పోసిన మనిషి. ఆమె అంత పని చేస్తే నేను దాన్ని లేదని ఎట్లా రాయాలి? ఫైలు మూసేశాను. మళ్లీ బస్సెక్కి, ఆ బకెట్‌ను కొలవడానికి అడిగి తెచ్చుకున్నాను.

రివ్యూ రోజు కమిటీలో ముగ్గురు పెద్దవాళ్లు కూర్చున్నారు. కంట్రోల్ సార్ ఒక మూలన. నేను మొదటి స్లైడ్‌లోనే చెప్పేశాను, నా కంట్రోల్ పాడైంది, తప్పు పూర్తిగా నాదే అని. తర్వాత కుడితి సంగతి చెప్పాను. కుడితి అనే మాటను ఇంగ్లిష్‌లో ఎట్లా చెప్పాలో తెలియక మూడుసార్లు తడబడితే, నడుమ కూర్చున్న తెల్లజుట్టు మేడం, తెలుగులోనే చెప్పమ్మా, మా ఇంట్లోనూ బర్రెలుండేవి అన్నారు. రోజూ ఎంత పోసేదో తెలుసా అని అడిగారు. "ఆ బకెట్ తెచ్చాను మేడం, బయట ఉంది" అన్నాను. తెమ్మన్నారు. పాలిథిన్ కవర్ విప్పగానే ఏసీ గదంతా పులిసిన గంజి వాసన కమ్మింది. ఒక పెద్దాయన లేచి కిటికీ తెరిచాడు. మేడం మాత్రం బకెట్‌లోకి తొంగిచూసి, లోపల నేను మార్కర్‌తో గీసిన గీతలు చూసి, ఇంకో పంట కాలం ఇస్తున్నాం, ఈసారి మూడు మళ్లు పెట్టు, మూడోదానికి కుడితి కొలిచి పొయ్యాలి అన్నారు. బయటికొచ్చాక కంట్రోల్ సార్ నా దగ్గరికి వచ్చి, బకెట్ ఇక్కడ పెట్టకు, వాసన అని మాత్రం అన్నాడు. కానీ ఆయన మొహంలో నవ్వు ఉంది. (ఐదేళ్లలో నేను చూసిన రెండు నవ్వుల్లో అది ఒకటి.)

ఆ యాసంగి పంట కాలమంతా వారానికి మూడు రోజులు పొలంలోనే ఉన్నాను. ఎండకు నల్లబడ్డాను, జలగలకు అలవాటు పడ్డాను. పెద్దమ్మ నాకంటే కఠినంగా మారింది. మళ్లకు తనే పేర్లు పెట్టింది: వరి ఉన్నది పెద్ద మడి, కుడితి పోసేది తాగుబోతు మడి, మూడోది ఉపాసం మడి. ఉపాసం మడి దగ్గర ఎవరైనా చెంబు కడిగినా ఊరుకునేది కాదు. ఒకసారి నేనే టిఫిన్ డబ్బా కడగబోతే చెయ్యి పట్టి ఆపింది. పంట పొట్టకొచ్చేనాటికి మూడు గీతలూ మూడు దారుల్లో పోయాయి. ఉపాసం మడి నేల కరిచింది. తాగుబోతు మడి అందరికంటే పైన.

బల్బు రోజు చార్జర్ అన్న వచ్చి, తాగుబోతు మడి కరెంటును కొంచెం కొంచెం కూడబెట్టి ఒక్కసారిగా వదిలే చిన్న సర్క్యూట్ బిగించాడు. మధ్యాహ్నం ఎండ. ఆ ఎండలో గోరంత ఎర్ర బల్బు వెలిగినా కనబడదు గనుక పెద్దమ్మ గట్టు మీద కూర్చొని కొంగు కప్పింది. కొంగు కింద ఆమె తల, నా తల. మెడలు పట్టేసేదాకా చూశాం. అవతల బర్రె అరిస్తే ఆమె తల బయటపెట్టి దాన్ని కసిరింది. సరిగ్గా అప్పుడే బల్బు మినుక్కుమంది. వెలిగింది అన్నాను. ఏది, యాడ అంటూ లోపలికి దూరింది. అప్పటికే ఆరిపోయింది. మళ్లీ కరెంటు కూడేదాకా కూర్చున్నాం. ఈసారి బర్రె ఎంత అరిచినా ఆమె కదల్లేదు. బల్బు మళ్లీ ఒక్క రెప్పపాటు వెలిగింది.

"గింతేనా?" అంది. కొంగు మళ్లీ సరిగ్గా కప్పి, "ఇంకోపాలి ఎలుగనియ్" అంది.

ఆ మూడు మళ్ల మీద రాసిన పేపర్‌ను రెండు చోట్ల తిప్పి పంపారు, మూడో చోట అచ్చయింది. కృతజ్ఞతల్లో పెద్దమ్మ పేరు రాశాను. చదివి వినిపిస్తే, బర్రె పేరు గూడ రాయకపోయినవా అని నిష్టూరమాడింది.

ఇప్పుడు నేనే గైడ్‌ను. నా దగ్గర మంచి యంత్రాలున్నాయి, రెప్పపాటు కాదు, రోజంతా వెలిగే దీపాలున్నాయి. పేపర్లు ఎన్ని అచ్చయ్యాయో అడిగితే చెప్పగలను. కానీ ఎప్పుడైనా ఆ బల్బు రోజు సాయంత్రం బస్సు తలపుకొస్తుంది. తొడల దాకా ఎండిన బురదతో నేను ఎక్కితే, సీట్లు పాడైతాయని కండక్టర్ హన్మకొండ దాకా నిలబడమన్నాడు. కడ్డీ పట్టుకొని నిలబడ్డ అప్పటి ఆ పిల్ల దారి పొడుగునా నవ్వుతూనే ఉంది. బస్సులో అందరూ తననే చూస్తున్నారని, తనెవరో వాళ్లకు తెలిసిపోయిందని అనుకుంది. వాళ్లు చూసింది బురదను. ఆ సంగతి ఆమెకు చెప్పాలని నాకెప్పుడూ అనిపించదు.