గవాచి చూసుకో

తుపాకులతో కాల్చుకునే ఆటలు నాకు పడవు. తల నెరుస్తున్నా నేను వదలని వీడియో గేమ్ ఒక్కటే, ఇళ్ల కప్పుల మీద ఉరికే ఆట. అందులో ఉరికే మనిషి కనబడడు. అతని కళ్లతో మనమే చూస్తాం. అప్పుడప్పుడు రెండు చేతులు మాత్రం ముందుకొస్తాయి. ఆలోచించే లోపే కాలు అవతలి కప్పు మీద పడుతుంది. ఆ క్షణం కోసమే ఆడతాను.

జమ్మలమడుగులో మా వీధి మట్టిమిద్దెలు గోడకు గోడ ఆనుకుని ఉండేవి. బడి వదిలితే నా దారి వాటి మీదుగానే. వెలుతురు కోసం మిద్దె నడుమ ఒక కన్నం వదిలేవారు. దాన్ని గవాచి అంటాం. నేను పైన ఉరికితే కింద వంటింట్లో అమ్మ నెత్తిన మట్టి రాలేది. "గవాచి సూసుకోరా!" అని అక్కడినుంచే అరిచేది.

ఇప్పుడు అమ్మ ప్రొద్దుటూరులో మాతోనే ఉంటోంది. మొన్న నేను ఆడుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. తెర మీద ఒక కప్పులో చదరపు కన్నం కనబడగానే "గవాచి!" అని నా మోచెయ్యి పట్టి లాగింది. ఉలిక్కిపడి సరిగ్గా అందులోనే పడ్డాను. ఆట మళ్లీ మొదటికొచ్చింది.

"ఏందమ్మా, ఇది ఆట కదా!" అని విసుక్కున్నాను.

అమ్మ తెర మీంచి చూపు తిప్పలేదు.

"మిద్దెల మీద నీకు ఇట్లా కనపడేదా నాయనా? నాకు కింద నీ కాళ్ల సప్పుడే కదా ఇనపడేది. ఇంగా రోంత సేపు ఉరుకు, సూస్తా."