మల్లేశం డిజైన్ కార్డు

ఈ సాయంత్రం మగ్గాల బస్తీ నవాగామ్ నుంచి మగ్గం కార్మికుడు మల్లేశం భార్యను వెంటబెట్టుకుని, టీచరునైన నా దగ్గరికి వచ్చాడు. షుగర్ ఉన్న ఆమెకు కరోనా టీకా వద్దని అతని పట్టు. టీకా వేసుకుంటే, కొన్నాళ్ళకు యాంటీబాడీలు తగ్గినా ఒంట్లో కాపలా కాసే టి-కణాలు రోగాన్ని గుర్తుపెట్టుకుంటాయని, ఈ వారంలో నాలుగోసారి, ఓపిక తెచ్చుకుని చెప్పాను.

"అంటే బట్ట అమ్ముడుపోయినా, నేత పూలను యాదుంచుకునే చిల్లుల డిజైన్ కార్డు మగ్గంల ఉన్నట్టు. నాకు గా కార్డు రోగమే ఇచ్చింది గదా టీచరమ్మా, పక్కా మాల్! ఈమెకు గూడ రోగమే ఇస్తది, సూది ఏంటికి?"

"నీ కార్డు కోసం పన్నెండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నావు నాయనా. టీకా కూడా కార్డే ఇస్తుంది, మంచం పట్టించకుండా. ఈమెనూ పడుకోబెడదామా?"

అంతవరకూ నోరు మెదపని భార్య, "రేపు పొద్దుగాల్నే సూదికి పోత. గీయన రాకున్నా పోత," అంది.

టీకా వేయించుకుంటావా అని ఇన్నాళ్ళూ ఆమెను ఎవరూ అడగలేదు. ఇంత పాఠం చెప్పిన నేనూ అడగలేదు. మీ ఇంట్లో ఆమెను అడిగారా?