థర్డ్ క్లాసులో దొరకని నంబరు

నా చిన్నతనంలో గంటతో, నిమిషంతో సహా గుర్తున్న రోజులు రెండే. మొదటిది 1961 జూన్ 14, బుధవారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఆ నిమిషాన మా బాపు గడప అవతలే నిలబడి, లోపలికి రాకుండా, "లేదు బిడ్డా" అన్నాడు.

పేపర్లో మెట్రిక్ ఫలితాలు వచ్చిన రోజది. నా నంబరు 11483. బొగ్గుగనిని మేం బాయి అంటాం; ఆ బాయి మీద ఆఫీసుకు ఒకే పేపరు వచ్చేది. దాని చుట్టూ మగవాళ్ళు మూగి ఉంటారు కాబట్టి చూసి వచ్చే పని బాపు తీసుకున్నాడు. మూడుసార్లు వెతికాడట. మూడుసార్లూ లేదట.

మాది మంచిర్యాల పక్కన, నస్పూర్ దగ్గరి బొగ్గుబాయి కాలనీ. బాపు బాయిలో టబ్బులనే ఇనప తొట్లలోకి బొగ్గు నింపేవాడు. ఆయనకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. నింపిన ప్రతి టబ్బు మీద సుద్దతో తన నంబరు రాసుకోవాలి గనుక ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాడు. కాలనీలో మెట్రిక్ దాకా వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. నాకప్పుడు పదిహేనేళ్ళ నాలుగు నెలలు.

పాసైతే కరీంనగర్‌లో ఆడపిల్లల టీచరు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టాలని, కాకపోతే ఆసిఫాబాద్ అవతలి పల్లెలో ఉన్న మా మేనత్త కొడుక్కు నన్ను ఇవ్వాలని ఇంట్లో ముందే అనుకున్నారు. ట్రైనింగు సీట్లు మార్కుల వరుసలో ఇస్తారు. దరఖాస్తు చేరడానికి గడువు జూన్ 30, సాయంత్రం ఐదు గంటలు. నా లెక్కల మార్కులు అర్ధసంవత్సర పరీక్షలో ముప్పై ఒకటి. అప్పుడే మా లెక్కల సారు బాపును పిలిచి, "మీ పిల్ల గట్టెక్కితే థర్డ్ క్లాసుల గట్టెక్కుతది, అంతకు మించి ఆశ పెట్టుకోకు" అని చెప్పాడు. బాపు ఆ మాటను కోపంగా తీసుకోలేదు. సారు చెప్పిన ఖాయమైన సంగతిగా తీసుకున్నాడు.

ఆ బుధవారం తర్వాత ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అవ్వ, అంటే మా అమ్మ, మేనత్తకు ఉత్తరం రాయించింది. జూలై 2, ఆదివారం నన్ను పెళ్ళికి తీసుకుపోవడానికి వస్తామని జవాబు వచ్చింది. నేను పొద్దున నీళ్ళకు నల్లా దగ్గరికి పోవడం మానేశాను. అక్కడ ఒకామె, "చదువుకున్న దొరసాని వచ్చింది, జరగుండ్రి" అని నవ్వింది. బడికి పోయి అడుగుదామని ఒకసారి అనిపించింది. ఫేలైన పిల్ల ఏ మొఖంతో పోతుంది? ఆ మూడు మైళ్ళు నడవలేదు.

గుర్తున్న రెండో రోజు జూన్ 30, శుక్రవారం. బాపు సద్ది మూట మరిచిపోయి మొదటి షిఫ్టుకు దిగాడు. దాన్ని ఇచ్చి రమ్మని అవ్వ నన్ను పంపింది. సద్ది ఇవ్వాల్సింది బాయి గేటు పక్కన దీపాల గదిలో. ఆ గది ముసలాయనను కాలనీ అంతా చాచా అనేది. కిందికి దిగే ప్రతి మనిషికీ దీపం ఇచ్చి, ఆ మనిషి నంబరున్న ఇత్తడి బిళ్ళ తీసుకుని మేకుకు తగిలించడం ఆయన పని. షిఫ్టు అయ్యాక పైకొచ్చి దీపం అప్పగించిన మనిషికి బిళ్ళ తిరిగి ఇచ్చేస్తాడు. మేకు మీద బిళ్ళ మిగిలిందంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు.

"ఏం బేటీ, మొఖం గట్ల ఏలాడేసినవ్?" అన్నాడు.

"మెట్రిక్ ఫేలైన చాచా."

"ఎవలు జెప్పిన్రు?"

"బాపే జూసిండు. మూడుసార్లు జూసిండు."

"ఏ బోర్డు మీద జూసిండు?"

నాకు అర్థం కాలేదు. చాచా గోడకేసి చూపించాడు. అక్కడ బిళ్ళలు తగిలించే మేకుల చెక్కలు మూడున్నాయి, షిఫ్టుకొకటి. "తొందరల నేను ఒకని బిళ్ళ ఇంకో బోర్డుకు తగిలిస్త. ఒక్క బోర్డు జూసి మనిషి పైకొచ్చిండు, పో అంటే, ఆడు కిందనే సచ్చిపోతడు. మూడూ జూడంది నేను నోరు తెర్వ." అలా అంటూనే, దీపం అద్దాలు తుడవడానికి ఆఫీసు నుంచి వచ్చే పాత పేపర్ల కట్టలోంచి ఒక కాగితం లాగాడు. జూన్ 14 నాటిది. "అన్నీ నంబర్లే ఉన్నయ్. మన్సుల నంబర్లతోని మసి తుడ్వబుద్ధి గాలే. సదువు. మొదటికెళ్ళి సదువు."

నేను నేరుగా నా నంబరు ఉండాల్సిన చోటికి వేలు పెట్టబోయాను. ఆయన ఒప్పుకోలేదు. మొదటి వరుస నుంచి గొంతెత్తి చదివించాడు. నంబర్లు క్లాసుల వారీగా మూడు జాబితాల్లో ఉన్నాయి. ఫస్ట్ క్లాసుది చిన్నది, తొందరగా అయిపోయింది. సెకండ్ క్లాసు మొదలుపెట్టాను. ఇంకెందుకు చాచా అన్నాను. "సదువు" అన్నాడు. నాలుగో నిలువు వరుసలో 11479 తర్వాత 11483 ఉంది. నేను చదవకుండా ఆగిపోయాను. చాచా నా చెయ్యి పట్టుకుని వేలును మళ్ళీ ఆ అంకెల మీద పెట్టి, "గట్టిగ సదువు, మీ బాపుకు వినబడాలె" అన్నాడు. బాపు అప్పుడు భూమి కింద ఉన్నాడు.

అప్పుడు సమయం పది గంటల ఐదు నిమిషాలు. గడువుకు ఆరు గంటల యాభై ఐదు నిమిషాలు ఉంది. చాచా కిందికి ఫోన్ చేయించాడు. బాపు పనిచేసే చోటు చాలా లోపల. ఆయన పైకి వచ్చేసరికి పదకొండున్నర. నేను చెప్పింది విన్నాడు, కాగితం చూశాడు. స్నానం చేయలేదు. బొగ్గు మొఖంతోనే సైకిల్ మీద నన్ను ఎక్కించుకుని మంచిర్యాల బడికి తొక్కాడు. నా మార్కుల కాగితం అక్కడికి వచ్చి మూడు రోజులైందట. ఆరువందలకు మూడువందల పద్దెనిమిది. లెక్కల్లో యాభై నాలుగు. హెడ్మాస్టరు దరఖాస్తు రాయించి సంతకం పెట్టి, "ఇన్నొద్దులు ఏం జేస్తున్నవయ్యా?" అని బాపును అడిగాడు. బాపు కాగితాలు అందుకుని సైకిల్ దగ్గరికి నడిచాడు.

స్టేషనుకు పోయేసరికి ఒక రైలు పోయింది. తర్వాతిది ఒంటిగంటా ముప్పై ఐదుకు. పెద్దపల్లిలో దిగేసరికి రెండూ యాభై. కరీంనగర్ బస్సు మూడున్నరకు కదిలింది. నేను కిటికీలోంచి మైలురాళ్ళు చూస్తూ, ఒక్కో మైలుకు ఎన్ని నిమిషాలు పడుతోందో లెక్క వేస్తూ కూర్చున్నాను. లెక్క ఎటు తిప్పినా ఐదు దాటుతోంది. బాపుకు చెప్పలేదు. బస్టాండులో దిగి పరుగెత్తాం. ట్రైనింగు ఆఫీసు మెట్లెక్కినప్పుడు ఐదుంబావు. గుమాస్తా బీరువాకు తాళం వేసి గొడుగు తీసుకుంటున్నాడు.

"పెద్దమనిషీ, ఐదు గొట్టింది. కట్ట గట్టి ముద్ర ఏసినం. ఇప్పుడు నేను ముట్టరాదు."

"పదిహేను నిమిషాలే సార్. పిల్ల తప్పు గాదు, నాదే తప్పు."

"ఎవల తప్పైతేంది? వచ్చే ఏడు రాండ్రి. మార్కులు ఏడికి పోవు."

ఆయన చెడ్డవాడేం కాదు. మార్కులు ఎక్కడికీ పోవన్న మాట నిజమే. అయినా ఆ మెట్ల మీద కూర్చుని నేను ఏడ్చాను. బాపు కింది మెట్టు మీద కూర్చున్నాడు. చెమటకు మొఖం మీది బొగ్గు చారలు కట్టింది. అన్నాడు: "థర్డ్ క్లాసు యాడున్నదని అడిగి, గదొక్కటే జూసిన బిడ్డా. పైన మనోళ్ళు ఉంటరన్న సోయి రాలే."

ఆ ఆదివారం మేనత్త వస్తే బాపే ఎదురుపోయి, పిల్ల చదువుతుంది, ఇవ్వనని చెప్పి పంపాడు. మేనత్త మళ్ళీ మా గడప తొక్కలేదు. 1962లో అవే మార్కులతో నాకు సీటు వచ్చింది. 1964లో ఉట్నూర్ వైపు బడిలో చేరి, 2004 దాకా పిల్లలకు చెప్పాను. ఆ మూడువందల పద్దెనిమిదిని ఎవరూ మళ్ళీ అడగలేదు. మార్కులతో ఏముంది అనేవాళ్ళ మాట మాత్రం నేను ఒప్పుకోను. ఒక తలుపు దగ్గర అవి కావాలి, అక్కడ మరేదీ చెల్లదు. పిల్లవాడి మీద మనం ముందే వేసిన అంచనా కూడా ఒక తలుపే. దాన్ని మూసేది మాత్రం మనమే.

ఫలితాలు వచ్చిన ప్రతి ఏడూ, ఎంత వెనకబడ్డ పిల్ల నంబరైనా, ఫస్ట్ క్లాసు మొదటి వరుస నుంచే చదివాను. దొరకకపోతేనే కిందికి దిగాను. పక్కన ఉన్న తల్లిదండ్రులు విసుక్కునేవాళ్ళు. విసుక్కోనిచ్చాను.

ఆనాటి లెక్క ఇది. పోయినవి: పదహారు రోజులు. బాపుకు ఒక షిఫ్టు హాజరు. నాకు ఒక ఏడాది. మేనత్తతో రాకపోకలు. సీనియారిటీలో ఒక ఏడాది వెనకబడి, నా వంతు రావడానికి ఐదు నెలల ముందే రిటైరైనందుకు హెడ్‌మిస్ట్రెస్ పదవి. మరొకటి, అంతకు ముందు రైలు డబ్బాల నంబర్లు, బస్సు నంబర్లు పైకి చదివి నాకు వినిపించే బాపు, ఆ శుక్రవారం తర్వాత బతికిన పంతొమ్మిదేళ్ళలో ఒక్క నంబరు కూడా నా ముందు చదవలేదు.